అరగంట తలుపు

“నువ్వు మా అక్కవేనని నాకేం నమ్మకం?” అంది చిట్టి ఫోనులో.

తోడబుట్టినదాన్ని ఎవరైనా అలా అడుగుతారా అంటే, అడుగుతారు మరి. చిట్టి కూర్చున్న కుర్చీ అలాంటిది. ఆ స్కానింగ్ సెంటర్లో పదిహేనేళ్ళుగా తీసిన బొమ్మలన్నీ ఒక సర్వర్లో ఉన్నాయి. దాన్ని సెంటరు వాళ్ళ సొంత క్లౌడు అంటారు. పేరుకు మబ్బే గానీ, ఉండేది మూడో గదిలో, ఎప్పుడూ చల్లగా ఉంచే ఇనప బీరువాలో. అందులో బొమ్మలు గడప దాటి బయటికి రావు. చూడాల్సిన డాక్టరే దూరం నుంచి కంప్యూటర్లో లోపలికి వచ్చి, చూసుకుని వెళ్ళిపోవాలి. ఆ తలుపు తీసేది చిట్టి. ఎంతసేపు తీసి ఉంచాలో, ఏ అర చూపించాలో కూడా చిట్టి చేతిలోనే ఉంటుంది.

చిట్టికి ముందు ఆ కుర్చీలో ఉన్నాయన యజమాని గొంతు విని తలుపు తీశాడు. తీరా చూస్తే అది యంత్రం చేత పలికించిన దొంగ గొంతు. వందల మంది జబ్బుల గుట్టు వీధిన పడింది, ఆయన ఉద్యోగం ఊడింది. రెండు నెలల కిందట చిట్టి చేరిన రోజునే యజమాని గట్టిగా చెప్పాడు, గొంతును నమ్మొద్దని, కన్నీళ్ళను అసలే నమ్మొద్దని. ఆ మాట అక్కకి చెప్పి నవ్వుకుంది కూడా.

ఇప్పుడు అక్క గొంతే తలుపు తియ్యమంటోంది.

అక్క వేరే ఊళ్ళో పెద్దాసుపత్రిలో నర్సు. అమ్మ ఉండేది అక్క దగ్గరే. అక్క చెప్పిన సంగతి ఇదీ. పొద్దున ఒకావిడ జారిపడి స్పృహ తప్పింది. స్కాను తీస్తే తలలో నీడ కనబడింది. అది ఇవాళ కారిన రక్తమైతే అరగంటలో తల తెరవాలి. పాత మచ్చయితే తెరవనే కూడదు, తెరిస్తేనే ప్రాణానికి ముప్పు. ఆవిడ చేతిసంచిలో ఆరేళ్ళ నాటి చీటీ ఒకటి దొరికింది. ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకుండా తీయించుకున్న స్కానుదట. దాని మీద ఈ సెంటరు పేరు, ఒక నంబరు ఉన్నాయి. ఆ దొంగగొంతు గొడవ తర్వాత ఈ సెంటరు సర్వర్లో పేర్లన్నీ చెరిపేశారు, ఇప్పుడు మనిషికో నంబరే.

అక్కని లైన్లోనే ఉంచి చిట్టి యజమానికి ఫోన్ చేసింది. ప్రయాణంలో ఉన్నాయన అంతా విని, తియ్యమనలేదు, వద్దనలేదు. బాధ్యత నీదేనని పెట్టేశాడు. కర్ర విరక్కుండా పాము చావకుండా మాట్లాడడం పెద్దవాళ్ళకి వచ్చినట్టు ఇంకెవరికొస్తుంది. ఆసుపత్రి నంబరుకి చేస్తే ఎంతసేపూ ఎంగేజే.

పోనీ అమ్మకి చేసి, నువ్వు డ్యూటీలో ఉన్నావో లేదో కనుక్కుంటానంది చిట్టి. అమ్మ పడుకుంది, లేపొద్దంది అక్క. దాంతో చిట్టికి అనుమానం ముదిరింది. మూడో మనిషిని అడగనివ్వకపోవడమే దొంగ మొదటి లక్షణం.

“సరే. చిన్నప్పుడు నా జడ కత్తిరించింది ఎవరు?”

“నేనే. ఎలక కొరికిందని అమ్మకి చెప్పింది నువ్వు.”

“అమ్మ నమ్మిందా?”

అవతల చప్పుడు లేదు. చిట్టి ఫోను పెట్టేయబోయింది.

“నమ్మినట్టు నటించింది,” అంది అక్క చివరికి. “ఆ రాత్రి మంచం కింద బోను కూడా పెట్టింది. నాన్న చేతిలో నాకు దెబ్బలు తప్పించాలని.”

“ఇంత మాటకి అంతసేపు పట్టిందేం?”

“ఇక్కడ గోలగా ఉందే. చిట్టీ, ఇంక ఇరవై రెండు నిమిషాలే ఉన్నాయి.”

బోను సంగతి ఆ ఇంటి గోడలకి తప్ప తెలియదు. యంత్రానికి గొంతు నేర్పొచ్చు గానీ, ఎలకబోను ఎవరు నేర్పుతారు?

చిట్టి తలుపు తీసింది. బార్లా తియ్యలేదు, ఓరగా తీసింది. ఒక్క నంబరు, ఒక్క కంప్యూటరు, ఇరవై నిమిషాలు. చూడడమే, పట్టుకుపోవడం కుదరదు. ఆరంకెల కోడు అక్క ఫోనుకి పంపింది. అక్క తప్పు కొట్టింది. రెండోసారీ తప్పే. మూడోసారి తప్పితే తలుపు దానంతటదే బిగుసుకుంటుంది, మళ్ళీ తీయడానికి గంట పడుతుంది.

“డాక్టర్లకి కత్తులందించే చెయ్యి ఆరంకెలు కొట్టలేకపోతోందా?” అని దెప్పింది చిట్టి.

ఈసారి అక్క ఒక్కో అంకే పైకి చదువుతూ కొట్టింది. తెర మీద పచ్చచుక్క వెలిగింది. ఎవరో లోపలికి వచ్చారు.

చిట్టి తలుపు మూసే బొత్తాం మీద వేలు పెట్టుకుని కూర్చుంది. ఆ చుక్క పక్క నంబరు వైపు తొంగిచూస్తే నొక్కెయ్యడమే. చూడలేదు. ఒక్క బొమ్మ దగ్గరే పదకొండు నిమిషాలు నిలబడి ఆరిపోయింది.

కాసేపటికి అక్క ఫోన్ చేసింది. నీడ పాతదేనట. తల తెరవక్కర్లేదట, మందులతోనే తేరుకుంటుందని పెద్ద డాక్టరు చెప్పాడట. చిట్టి తలుపు మూసి, రిజిస్టర్లో నంబరూ టైమూ రాసి, అప్పుడు ఊపిరి పీల్చుకుంది. సొంత అక్కని దొంగను నిలదీసినట్టు నిలదీసినందుకు కాస్త సిగ్గు కూడా వేసింది.

“కోపం పెట్టుకోకే. నా ఉద్యోగం అలాంటిది,” అంది. “అమ్మ లేచాక ఈ ఎలక పరీక్ష సంగతి చెప్పు, నవ్వుకుంటుంది.”

“ఆ నీడ అమ్మ తలలోదే, చిట్టీ.”