రాతి మీద ఐదు పేర్లు

"పూలు అందుకో ఓడిల్. బ్యాండువాళ్ల చేతులు కొంకర్లు పోతున్నాయి," అన్నాడు మేయరు గాస్టన్.

ఓడిల్ చేతులు కోటు జేబుల్లోంచి బయటికి రాలేదు. ఏటా నవంబరు పదకొండున, మొదటి ప్రపంచ యుద్ధంలో పోయినవాళ్ల రాతిస్తంభం దగ్గర పూలచక్రం పెట్టేది ఆవిడే. మేయరు ఒక్కో పేరూ చదువుతాడు. ఊరంతా ఒక్క గొంతుతో "ఫ్రాన్స్ కోసం ప్రాణమిచ్చాడు" అంటుంది. ఉన్నవి ఐదే పేర్లు. గట్టిగా వంద గడపలు లేని ఆ కొండ ఊరికి చరిత్ర అంటే అదే. ఈసారి ఆ ముచ్చట చూడ్డానికి పట్నం నుంచి పెద్ద అధికారి కూడా వచ్చి, బూట్లకంటిన పేడ గడ్డికేసి రాసుకుంటూ నిలబడ్డాడు.

"నా వల్ల కాదు. ఇంకెవరిచేతైనా పెట్టించు," అంది ఓడిల్.

"ఇప్పుడా చెప్పడం? అందులో మొదటి పేరు మీ నాన్నదే కదా."

"ఆ పేరే వద్దంటున్నాను. ఉలి తెప్పించి చెరిపించెయ్."

గాస్టన్ అధికారి వైపు ఓ వెర్రినవ్వు నవ్వి, ఆవిణ్ణి చర్చి గోడ పక్కకి లాక్కుపోయాడు. "నీకేమైనా మతి పోయిందా?"

"నిన్న మా ఇంటికి ఒకావిడ వచ్చింది, స్పెయిన్ నుంచి. వస్తూనే అక్కా అంది." ఓడిల్ తల పైకెత్తలేదు. "మా నాన్న యుద్ధంలో పోలేదు గాస్టన్. కోతల సెలవుకి ఇంటికొచ్చి, మళ్లీ సైన్యంలోకి వెళ్లకుండా కొండ కనుమ దాటి స్పెయిన్‌కి పారిపోయాడు. అక్కడే పెళ్లి చేసుకున్నాడు, సారాకొట్టు పెట్టుకున్నాడు. మొన్న ఆగస్టులో మంచం మీద హాయిగా పోయాడట."

గాస్టన్ ముఖం పాలిపోయింది. "ఎవరితోనైనా అన్నావా?"

"ఏ ముఖం పెట్టుకుని అంటాను? వీరుడి కూతుర్నని బళ్లో మొదటి బెంచీ నాకే ఇచ్చేవాళ్లు. ఊళ్లో ఏ విందైనా మొదటి గ్లాసు మా అమ్మకే పోసేవాళ్లు. అన్నీ తీసుకున్నాం, సిగ్గులేకుండా." ఆవిడ మెడదాకా ఎర్రబడింది. "మీ నాన్న పేరు దాని కిందే ఉంది. మిగతా నలుగురూ ఎక్కడో బురదలో పడి చచ్చారు. వాళ్ల నెత్తిన ఒక పిరికివాడి పేరు. దానికి నేను పూలు పెట్టాలా? అసలు నీ ముఖం ఎలా చూడను?"

అవతల బాకా ఒకటి పీ అని ఆగింది. అధికారి గడియారం చూసుకుంటున్నాడు. గాస్టన్ టోపీ తీశాడు, పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు. భుజం మీంచి మూడు రంగుల పట్టీ కట్టుకున్న మనిషి, పంతులు చేతిలో దెబ్బలు తిన్న పిల్లాడిలా గోడకేసి చూస్తూ ఉండిపోయాడు.

"చెరిపిస్తే రాయి మొత్తం చెరిపించాలి ఓడిల్," అన్నాడు చివరికి, గొంతు బాగా తగ్గించి. "మీ నాన్నకి ఆ కనుమ దారి ఏం తెలుసు? ముందు నడిచి మిగతా నలుగుర్నీ దాటించింది మా నాన్నే."