ఊకె తినని జయమ్మ

“గంటె ఇటియ్యి కోమలా!”

“ఇయ్య పెద్దమ్మా. నీకియ్యొద్దని పాస్టరయ్య చెప్పిండు.”

జయమ్మ ఎడమచెయ్యి చాచి అలాగే నిలబడింది. కుడిచేతికి వేళ్ల దాకా పిండికట్టు. పోయిన వారం స్నానాల గదిలో కాలు జారింది. అయినా బాబుపేట్ తెలుగు సంఘంలో ఈస్టర్ ప్రేమవిందంటే జయమ్మ వంటే. ఆమె కాపురానికొచ్చిన ఏడు నుంచీ ఆ గంటె మరో చేతికి పోలేదు.

“ఒంటిచేత్తోనన్న కలుపుత. దాల్చా అడుగంటితె నీకేం తెలుస్తది?”

“అంటదు పెద్దమ్మా. నువ్వు నేర్పిన వంటనే గద!”

ఇంతలో పాస్టరయ్య వచ్చాడు. “జయమ్మా, ఈ ఒక్క పండుగకు బంతిల కూసో. ఎప్పుడూ నువ్వు వడ్డించుడే చూసినం, ఇయ్యాల నువ్వు తినంగ చూస్తం.”

“చెయ్యి పెట్టని వంటకు నేను బంతిల కూసోను అయ్యగారూ. దేవుని ఇంట్ల నేను ఊకె తిన్న మెతుకు ఒక్కటి లేదు. ఎవరినన్న అడుగుండ్రి.”

ఆ మాట అనేటప్పుడు జయమ్మ మెడ నిటారుగా లేస్తుంది. చుట్టుపక్కల వాళ్లు విన్నారో లేదోనని కూడా ఒకసారి చూసుకుంటుంది.

“ఇప్పటిదాక కృప గురించే గద చెప్పిన. విన్నవా, లేదా?”

“విన్న. శాన మంచిగ చెప్పిండ్రు. గంటె ఇప్పియ్యుండ్రి.”

పాస్టరయ్య పకపకా నవ్వాడు. ఆమెను భుజం పట్టుకుని తీసుకెళ్లి బంతి చివర కూర్చోబెట్టాడు. ఆ రోజు బల్లార్షా సంఘం నుంచి కూడా మనుషులొచ్చారు. కొత్త ముఖాలు చాలానే ఉన్నాయి. వాళ్ల ముందు పంతం పట్టడం బాగుండదని జయమ్మ గంటె మాట వదిలేసింది.

పైన షామియానా పెనంలా కాలుతోంది. మూల నుంచి కూలర్ వేడిగాలినే తిప్పి తిప్పి కొడుతోంది. విస్తళ్లు పడ్డాయి. బగార అన్నం, మటన్, దాల్చా వచ్చాయి. ప్రార్థన అయ్యింది. అందరూ కలుపుకుని తింటున్నారు. జయమ్మ మాత్రం విస్తరి వంక చూడకుండా గోడ వంక చూస్తూ కూర్చుంది.

పక్కన కూర్చున్నావిడ ఆమెను గమనించింది. నేత చీర, తల మీద పద్ధతిగా కప్పుకున్న కొంగు. మెతుకు కింద పడకుండా, కమ్మగా తింటోంది.

“తింటలేవేందక్కా?”

“ఎట్ల తింట? ఈ అన్నానికి నేను చేసిందేం లేదు. పుల్ల ఇరిచింది లేదు, బిందెడు నీళ్లు మోసింది లేదు. ఏ మొఖం పెట్టుకొని తింట?”

ఆవిడ అటూ ఇటూ చూసి, దగ్గరికి జరిగింది. గొంతు తగ్గించింది.

“పెట్టెటోనికి లేని రంది తినెటోనికెందుకక్కా? నువ్వేం చేసినవని ఎవరన్న అడిగిండ్రా? విస్తరి ఏసిండ్రు, అన్నం పెట్టిండ్రు. తినుడే మన పని.”

జయమ్మ ఉలిక్కిపడింది. ఎన్నేళ్లుగా ఎన్ని ప్రసంగాలు వింది! ఇంత సూటిగా ఒక్కరూ చెప్పలేదు. ఎంత విశ్వాసం ఉంటే ఈ మాట వస్తుంది!

“చెయ్యి...” అంటూ పిండికట్టు చూపించింది.

“అయ్యో, చూడనే లేదు! నోరు తెరువు.”

ఆవిడ జయమ్మ విస్తట్లోని అన్నమే కలిపి ముద్ద చేసి నోటి దగ్గర పెట్టింది. జయమ్మకు నోరు తెరుచుకోలేదు. ఊరంతటికీ పెట్టిన మనిషి. అమ్మ పోయాక ఇంకొకరి చేతి ముద్ద ఎరగదు. ముద్ద మాత్రం అక్కడే ఆగి ఉంది. పట్టుకున్న చెయ్యి కదల్లేదు, తొందరపెట్టలేదు.

జయమ్మ నోరు తెరిచింది.

ఉప్పు తక్కువైతే బాగుండుననుకుంది. తక్కువ కాలేదు. ముక్క ఉడకకపోతే బాగుండుననుకుంది. వెన్నలా విడిపోయింది. తన చేతి కూర కంటే బాగుంది! లోపల ఎక్కడో చురుక్కుమంది. రెండో ముద్దకు ఆ చురుకు తగ్గింది. మూడో ముద్దకు కళ్లు నిండాయి.

“కోమలా!” అని కేకేసింది. “కూర నా కన్న మంచిగ చేసినవే!”

పొయ్యి దగ్గర కోమల కొంగుతో ముఖం తుడుచుకుంది. చెమటో, మరొకటో. పాస్టరయ్య చేతిలో గిన్నెతో ఆగిపోయి చూశాడు. జయమ్మ ఇంకొకరి చేతి ముద్ద తింటోంది!

విస్తరి ఖాళీ అయ్యింది. జయమ్మ మెడ మళ్లీ నిటారుగా లేచింది. ఈసారి తన గొప్ప కోసం కాదు, పక్కనున్న మనిషి కోసం. ఇలాంటి విశ్వాసిని సంఘమంతటికీ చూపించాలి. ఆవిడ చెయ్యి పట్టుకుంది.

“లే చెల్లె! పాస్టరయ్యకు నిన్ను చూపిస్త. నువ్వన్న మాట మైకుల చెప్పాలె. అందరు వినాలె. నీది బల్లార్షా సంఘమే గద?”

ఆవిడ ముఖంలో రంగు మారింది. జయమ్మను చటుక్కున కిందికి గుంజి, చెవిలో గుసగుసలాడింది.

“మెల్లగ అక్కా! నాది ఏ సంఘం గాదు. ఆటో కోసం నిలబడితె మసాల వాసనొచ్చింది, వచ్చి కూసున్న. నువ్వు గూడ నా లెక్కనే పిలవకుండ వచ్చినవని నేనెవరికీ చెప్ప, నా సంగతి నువ్వు చెప్పకు!”