డిఫరెన్షియల్ విప్పించిన బావ

“ఆ కారు విప్పాల్సిందే!” మరదలి చేతిలో రిమోట్ కార్ల రేసు ఓడిన బావ జడ్జి బల్ల గుద్దాడు. “బురదలో ఒక్క చక్రమైనా ఊరికే తిరగలేదంటే, రూలుకు విరుద్ధంగా, చక్రం జారకుండా పట్టే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ పెట్టినట్టే!”

మరదలు రిమోట్ పక్కన పెట్టి, ఆ బొమ్మంత కారును ముందుకు జరిపింది.

జడ్జి నాలుగు స్క్రూలు తీశాడు. లోపల మామూలు గేర్లే.

“చిక్కటి ఆయిల్‌ పోసి పట్టు తెచ్చింది. తప్పేం లేదు. ఈ పాత గేర్లెక్కడివమ్మా?”

ఒక గేరు మీద గోటంత గీత. అరిగిపోయిందని బావే గీత పెట్టి, చెత్తబుట్టలో పారేసిన గేరది. అతను ఆ గీతను గుర్తుపట్టాడు.

“మా బావగారే ఇచ్చారండీ,” అంది మరదలు. “పని కూడా ఆయనే నేర్పారు.”

“ఇలాంటి గురువు దొరకాలిగా!” జడ్జి బావ భుజం తట్టాడు.

ఏనాడూ ఆమెను స్క్రూడ్రైవరైనా ముట్టుకోనివ్వని బావ తలెత్తలేకపోయాడు.