గోలు కాసేటోడు

మూడో గోలు కూడా పడింది.

ఏసోబు పంతులు తల దించుకున్నాడు. బడి నుంచి తెప్పించి వేసిన కుర్చీలో అమరేందర్ కూర్చుని ఉన్నాడు. ఆయన ముఖంలోకి చూసే ధైర్యం పంతులుకు లేదు.

అమరేందర్ హైదరాబాదు నుంచి వచ్చాడు. సంస్థానం ఫుట్‌బాల్ జట్టుకు ఆటగాళ్లను వెతికిపెట్టడం ఆయన పని. పోయిన నెల ఆ జట్టు బొంబాయి వెళ్లి, ఒక్క గోలూ కొట్టకుండా తొమ్మిది తిని వచ్చింది. స్టేషన్లో మూటలు మోసే కూలీలు కూడా నవ్వారట. ఆటగాళ్లు ముఖాల మీద తువ్వాళ్లు కప్పుకొని టాంగాలెక్కారట.

ఆ కబురు విని ఏసోబే సొంత ఖర్చుతో హైదరాబాదు వెళ్లాడు. "మా వాడల జానయ్య అని ఒకడున్నడు సార్. వాన్ని దాటి బంతి పోదు. ఒక్కసారి వచ్చి చూడుండ్రి" అని కాళ్లావేళ్లా పడ్డాడు. అమరేందర్ నల్గొండ దాకా బస్సులో, అక్కడి నుంచి పానగల్ మీదుగా ఎడ్లబండిలో నడుములు విరిగేలా వచ్చాడు.

వచ్చినందుకు చూస్తున్నది ఇదీ.

జానయ్య ఎంపికైతే నెలనెలా జీతం. ఉండటానికి జాగా. అన్నిటికన్నా మించి, దొర ఉండే గడిలో వెట్టి తప్పుతుంది. దొర ఎప్పుడు పిలిస్తే అప్పుడు, ఏది చెబితే అది, కూలీ లేకుండా చేసే చాకిరి అది. మిషన్ బడిలో ఉద్యోగం దొరికి ఏసోబు దాని నుంచి బయటపడ్డాడు. వాడలో ఇంకెవరూ బయటపడలేదు. జానయ్యనైనా దాటించాలని పంతులు పట్టుదల. తోలు కుట్టి, లోపల గుడ్డపీలికలు కూరిన బంతితో, రాళ్లు తేలిన నేల మీద అతన్ని తయారు చేశాడు. జానయ్య భార్య పుల్లమ్మ అయితే నిన్ననే సామాను మూటగట్టింది.

ఎదుటి జట్టు దొర కొడుకు చిన్నదొరది. పట్నంలో చదువుతూ సెలవులకు వచ్చాడు. బూట్లున్న ఆటగాడు అతనొక్కడే. అసలైన ఫుట్‌బాల్ ఉన్నదీ అతని దగ్గరే.

చిన్నదొర మళ్లీ తన్నాడు. బంతి అంత జోరుగా ఏమీ రాలేదు. కుడి పక్కకు దొర్లుకుంటూ వచ్చింది. జానయ్య ఎడమ పక్కకు దూకాడు.

నాలుగో గోలు.

జనం గొల్లున నవ్వారు.

"ఓ జానిగా! బంతి ఇటొస్తే నువ్వు అటు పోతివేందిరా?"

"తొవ్వ ఇస్తున్నడురా! ఎంత మర్యాదస్తుడో సూడు!"

"పుల్లమ్మా, నీ మొగనికి కండ్లు కనవడ్తలేవాయె! చెయ్యి పట్టుకొని ఇంటికి తోలుకపో!"

"మీ నోట్ల మన్నువడ! మీరు పొయ్యి నిలవడుండ్రి, తెలుస్తది" అని అరిచింది పుల్లమ్మ. కానీ ఐదో గోలు పడ్డాక ఆమె కూడా కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది.

అమరేందర్ ఏసోబు వైపు వంగాడు.

"మీ చుట్టమా పంతులూ?"

"కాదు సార్. మా వాడోడే..."

"ముందే చెప్తే అయిపోయేది గద. నా నడుమన్న మిగిలేది." ఆయన లేచి నిలబడి ధోవతి దులుపుకున్నాడు. "బొంబాయిల మావోడు ఓడితే ఓడిండు, బంతి దిక్కన్న ఉరికిండు. నీ మనిషి దాన్ని సూసి పారిపోతున్నడు."

ఎన్నో ఏండ్ల కింద గడి వాకిట్లో చేతులు కట్టుకొని నిలబడినప్పుడు కూడా ఇంత సిగ్గు పడలేదనిపించింది ఏసోబుకు.

ఆట అయిపోయింది. అమరేందర్ నేరుగా చిన్నదొర దగ్గరికి వెళ్లి భుజం తట్టాడు.

"గోలు కాసేటోని కోసమొస్తే గోలు కొట్టేటోడు దొరికిండు. మీ అసుంటోడు ఒక్కడుంటే మన జట్టు గూడ తలెత్తుకొని తిరుగుతది. సోమారం హైదరాబాద్ రండ్రి."

చిన్నదొర నవ్వాడు. జీతగాడు వచ్చి అతని బూట్ల దుమ్ము తుడిచాడు.

జనం పలచబడ్డారు. పుల్లమ్మ పంతులు దగ్గరికి వచ్చి, నేల చూపులు చూస్తూ అడిగింది. "ఏసోబన్నా, మూట ఇప్పుమంటవా?"

ఆమె జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయింది.

జానయ్య గోలుకు పాతిన వెదురు గడ పక్కన, మోకాళ్ల మీద గడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. ఏసోబు గబగబా నడిచి అతని ముందు నిలబడ్డాడు.

"నా ఇజ్జత్ తీసినవ్ గదరా! హైదరాబాద్ సార్‌ను సూడంగనె చేతులు వడిపోయినయా? ఇన్ని దినాలు నేను నేర్పింది గిదేనారా?"

జానయ్య వేలితో మట్టిలో గీత గీశాడు.

"అగో, నీ పెండ్లాం మూట ఇప్పెతందుకు పోతాంది. జర ఆమెనన్న సూడు. సిగ్గనిపిస్తలేదారా నీకు?"

జానయ్య తల ఇంకా కిందికి వంగింది.

పంతులుకు ఒళ్లు మండింది. అక్కడే పడి ఉన్న గుడ్డపీలికల బంతిని అందుకున్నాడు. ఉన్న బలమంతా కూడదీసుకుని, నాలుగడుగుల దూరం నుంచి అతని ముఖం మీదికి విసిరికొట్టాడు.

జానయ్య తల ఎత్తలేదు. ఒక్క చెయ్యి లేచింది. బంతి అరచేతికి అతుక్కున్నట్టు ఆగిపోయింది.

దాన్ని మెల్లగా నేల మీద పెట్టాడు.

ఏసోబు అతని ముందు చతికిలబడ్డాడు. "మరి... ఇందాక ఏమొచ్చిందిరా నీకు?"

జానయ్య మొదటిసారి కళ్లెత్తి చూశాడు.

"చిన్నదొర తన్నిన బంతి ఒక్కటి గూడ ఆపొద్దని పొద్దుగాల గడికి పిలిచి చెప్పిండ్రన్నా, ఇయ్యాల్టి వెట్టి అదే."