పొట్టి చేతుల కోటు

"ముఖం ఒగటే సారుది," అన్నాడు ముసలాయన, గోడ మీది పటం ముందు నిలబడి.

వసుధ చప్పున అతని వైపు తిరిగింది.

రేపు రంగులతో గీసిన ఆ పటం పుంగనూరు స్కూలుకు వెళ్తోంది. కొత్త హాలుకు ఆమె మామ కెప్టెన్ సుదర్శన్ పేరు పెడుతున్నారు. సైన్యంలో ఉండి, ముప్పై ఏళ్లకే మంచుకొండల్లో ప్రాణం విడిచిన మనిషి.

కాపురానికొచ్చిన నాటి నుంచీ వసుధకు ఆ పటం మీద అనుమానమే. కోటు చేతులు పొట్టి. మణికట్టు రెండంగుళాలు బయటికుంది. ఆఫీసరుకు కొలత తీసి కుట్టిన కోటు అలా ఉంటుందా? ఎవరి బట్టలో తొడుక్కుని పటం గీయించుకున్నాడా? ఆ మాట ఇంట్లో ఎవరితో అనగలదు?

ఇప్పుడు ముక్కూముఖం తెలియని ఈ మనిషి, చౌడేపల్లె బస్సు దిగొచ్చి అదే కదుపుతున్నాడు.

"మిగతాది ఎవరిది?"

ముసలాయన నాలుక కరుచుకున్నాడు. "ఏం లేదులేమ్మా. అమ్మగారు యాడుండారు?"

"అత్త కంటాసుపత్రికి పోయింది. మీరెవరు?"

"తెలిసినోణ్ణే. ఒగ ఫోటో తీసుకుంటా. మనవరాలికి సూపిస్తా." జేబులోంచి ఫోను తీశాడు.

వసుధ పటానికి అడ్డం నిలబడింది. "యాల? ఊరంతా తిప్పి మా పరువు తీసేదానికా?"

"అయ్యో, అట్ల గాదమ్మా."

"రేపు స్కూలుకు రండి. అందరితోపాటే చూద్దురు."

"ఆడ పెద్దపెద్దోళ్లుంటారు. నాకెందుకులే."

అతను నెమ్మదిగా మెట్లు దిగి వెళ్లాడు. వసుధ గొళ్లెం పెట్టుకుంది.

మధ్యాహ్నం అత్త గంగులమ్మ రాగానే, వచ్చినాయన పటం చూసి అన్న మాట చెప్పింది. ఇక ఉండబట్టలేక అడిగేసింది.

"అత్తా, మామ నిజంగా ఆఫీసరేనా?"

గంగులమ్మ నల్లద్దాలు తీసింది. "వచ్చినోడు బాగా పొడుగుండాడా?"

"ఊఁ."

"మునిరత్నం! ఫోటో తీసుకున్నాడు గదా?"

"లేదత్తా. నేనే తీసుకోనియ్యలే."

"నలభై ఏండ్లలో వాడు మనల్ని అడిగింది అదొగటేనమ్మా."

గంగులమ్మ కుర్చీలో కూలబడింది. "మీ మామది నా దగ్గరుండింది చిన్న ఫోటో ఒగటే, ముఖం వరకే. 'ఆయన కోటు తొడిగి కూర్చునేదానికి మనిషి కావల్ల' అన్నాడు బొమ్మలు గీసే తిమ్మప్ప. మునిరత్నం కూర్చున్నాడు. సిపాయి ఆఫీసరు కోటు తొడిగినాడని తెలిస్తే అప్పుడు వాడి ఉద్యోగం పొయ్యుండేది. అందుకే ఎవురికీ చెప్పలే."

వసుధ బస్టాండుకు పరుగుతీసింది. చౌడేపల్లె బస్సు వెళ్లిపోయి చాలాసేపయింది.

తిరిగొచ్చి, ఆయాసంతోనే అడిగింది.

"ఆయన మనకేమవుతాడత్తా?"

"మూడు దినాలు మంచులో నడిచి, మీ మామను వీపున మోసుకొచ్చి నాకు కడసూపు సూపించినోడు."