అద్దె కప్పలు

సర్టిఫికెట్లు అబద్ధాలాడి అలసిపోయాక ప్రపంచం కప్పల్ని నమ్ముకుంది. ఫ్యాక్టరీ వదిలే నీళ్ల గుంటలో కప్పలు బతికుంటేనే ఆ ఫ్యాక్టరీకి ఆర్డరు. ఫోన్ల కంపెనీలో కొనుగోళ్లు చూసే హిమజ ఆ రోజు తిరుపతి దగ్గర మూడు సర్క్యూట్ బోర్డుల ఫ్యాక్టరీలను పరీక్షించాలి.

మొదటి గుంటలో కప్పలు కచేరీ పెట్టాయి. గట్టు మీదున్న ఒంటికన్ను కప్పను ఆమె ముచ్చటపడి ఫోటో తీసుకుంది. రెండో ఫ్యాక్టరీలోనూ అదే ఒంటికన్ను కప్ప పాత చుట్టంలా ఎదురొచ్చింది. హిమజ ఫోన్‌లోని ఫోటోతో ఒకసారి పోల్చి చూసుకుని, మర్యాదగా మూడోదానికి బయల్దేరింది.

మూడో గుంటలో చప్పుడే లేదు.

"కప్పల ఆటో ట్రాఫిక్‌లో ఇరుక్కునింది మేడమ్. మీరు టీ తాగేలోపల వచ్చేస్తాయి," అన్నాడు యజమాని చెంగల్రాయులు, ఏమాత్రం తడబడకుండా.

వచ్చాయి. గుంటలో పోయగానే అన్నీ ఒక్క ఉదుటున బయటికి దూకాయి. ఒంటికన్ను కప్ప తిరిగి వెళ్లి ఆటోలో కూర్చుంది.

"చూసినారా మేడమ్, మా నీళ్లు తగిలేసరికి ఎంత హుషారొచ్చిందో!"

హిమజ అక్కడి నుంచే తన ఎండీకి ఫోన్ చేసింది. "సార్, ఈ నీళ్లలో కప్పలు క్షణం కూడా ఉండటం లేదు."

"రేటెంత చెప్తున్నాడు?"

"ముగ్గురిలోనూ ఇతనిదే తక్కువ సార్."

"అయితే గుంట మీద వల కట్టించమను."