గేటుపాసు ఫొటో

నా పెళ్ళికి శుభలేఖలు పంచాలి, మాంగో పేటలో హాలు ఖాయం చేయాలి, విజయనగరం నుంచి వచ్చే చుట్టాలకు బస చూడాలి, పెళ్ళి వీడియోకి మనిషిని కుదుర్చుకోవాలి. ఆ చివరి పనికి అమ్మా నేనూ భాలుబాసా బస్తీలో గౌరీశంకర్ స్టూడియోకి వెళ్ళాం.

"పోయినోళ్ళని కూడా వీడియోలో నిలబెడతావంట గదా బాబూ?" అంటూ అమ్మ పాత ఫ్యాక్టరీ గేటుపాసు మీది ఫొటో ఒకటి ఇచ్చింది.

స్టూడియో అతను అప్పటికప్పుడే అమ్మని ఫొటో తీసి, కంప్యూటర్లో ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టాడు.

"మీ అబ్బాయా చాచీ?"

"నా పెనిమిటి. ఇది ఉయ్యాల్లో ఉండగా పోయాడు."

"అరే, మాఫ్ కీజియే! జుట్టు తెల్లగా చేసేత్తాను, ముడతలు పెట్టేత్తాను. ఇప్పుడుంటే ఎలాగుండేవోరో అలాగే."

నేను సరేనన్నాను. అతను మొదలుపెట్టాడు. నాన్న జుట్టు నెరుస్తుంటే అమ్మ తెరకి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆపీ బాబూ. ఈ ముసిలాయన్ని నేనెప్పుడూ సూడలేదు. ఏటి మాటాడగలను ఈయన్తోటి? నా మనిషిని నాకిచ్చీ."

మళ్ళీ నల్లజుట్టుతో నాన్న వచ్చాడు. ఆయనకి ఇరవయ్యారేళ్ళు. నాకు ఇరవై తొమ్మిది. నేనెవరో తెలియనట్టే నన్ను చూస్తున్నాడు.

"ఇలాగే ఉంచండి," అన్నాను.

మా పెళ్ళి వీడియో ఎప్పుడైనా చూస్తే, అమ్మ పక్కనున్న కుర్రవాణ్ణి మా తమ్ముడనుకోకండి. ఆయన పేరు పోలరాజు, మా నాన్న. దయచేసి గుర్తుపెట్టుకోండి.